రెండో తాడు

‘సాక్షి’ అని అచ్చువేసి ఉన్న చోట మహిమ సంతకం పెట్టింది. పెన్ను మూత బిగించి, కాగితాన్ని డాక్టరు వైపు జరిపింది.

కాగితంలో ఉన్నవి మూడే వాక్యాలు. చిన్నలింగుగూడలో పశువులకు గాలికుంటు టీకాలు వేస్తుండగా అటెండర్ హనుమండ్లు బర్రె తాడును చేతికి చుట్టుకున్నాడు. బర్రె గుంజడంతో పడిపోయి కుడి మణికట్టు విరిగింది. ప్రమాదానికి అతని సొంత అజాగ్రత్తే కారణం.

డాక్టర్ భానుప్రసాద్ ఆ కాగితాన్ని ఫైల్లోకి తోసి, “అయిపాయె. సోమవారం క్యాంపు అయినంక జిల్లా ఆఫీసుకు పంపుదాం” అన్నాడు. అంటున్నంతసేపూ ఆమె ముఖం చూడలేదు.

జరిగింది ఇద్దరికీ తెలుసు. పొగరుబోతు బర్రెకు రెండు తాళ్లు వేస్తారు. ఒకరు అటు, ఒకరు ఇటు గుంజి పట్టుకుంటే తల కదలదు. డాక్టరు మెడ మీద సూది వేస్తాడు. ఆ రోజు ఒక తాడు హనుమండ్లు చేతిలో ఉంది, ఒక్కడి వల్ల కాదని రెండోది మొదటిసారి మహిమ చేతికిచ్చారు. బర్రె బుస్సుమంటూ మహిమ వైపు తల తిప్పింది. ఆమె తాడు వదిలేసి జీపు వెనక్కి పరుగెత్తింది. తిరిగి వచ్చేసరికి హనుమండ్లు నేల మీద కూర్చుని, విరిగిన చేతిని ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. ఆమెను చూడగానే అతడు అడిగిన మొదటి మాట, “నీకేం గాలే గద బిడ్డా?”

ఉట్నూర్ అవతల, అడవి అంచున ఉన్న ఆ పశువుల దవాఖానలో మహిమ చేరి ఎనిమిది నెలలైంది. అంతకుముందు అక్కడ అటెండరుగా పనిచేసిన అహరోను ఆమె తండ్రి. ఆయన పోయాక ఆ ఉద్యోగం ఆమెకు వచ్చింది. ఆయనకు పశువులంటే ఉన్న చనువు మాత్రం రాలేదు. ఈ ఎనిమిది నెలల్లో ఆమె ఒక్క జంతువును కూడా ముట్టుకోలేదు. రిజిస్టర్లు ముత్యాల్లాంటి అక్షరాలతో నింపేది. ఐస్ పెట్టెలు సర్దేది. గేటులోకి మేక వస్తున్నట్టు కనబడితే చాలు, టీకాల ఫ్రిజ్ ఉన్న గదిలోకి వెళ్లిపోయేది. ఇద్దరు పట్టాల్సిన పశువును హనుమండ్లు ఒక్కడే పట్టేవాడు. రిజిస్టర్లు అంత శుభ్రంగా ఎన్నడూ లేవు కాబట్టి డాక్టరూ చూసీ చూడనట్టు ఉండేవాడు. ఇంకో నాలుగు నెలల్లో ఆమె ప్రొబేషన్ పూర్తవుతుంది. అన్ని పనులూ చేయగలదని ఆయన రాసిస్తేనే ఉద్యోగం నిలుస్తుంది.

సాయంత్రం మహిమ హనుమండ్లు ఇంటికి వెళ్లింది. భార్య పోయాక ఒక్కడే ఉంటున్నాడు. పక్కింటివాళ్లు ఇచ్చిన చాయ్‌ని ఎడమచేత్తో తాగబోయి సగం పిండికట్టు మీదే పోసుకుంటున్నాడు. ఆమె గ్లాసు పట్టుకుని తాగించింది.

“కాకా, నేనీ నౌకరి ఇడ్సిపెడ్త.”

“ఇడ్సిపెట్టి ఏం జేస్తవ్?”

“ఏదన్న బట్టల దుకాన్ల పనికి పోత.”

“బట్టల దుకాన్లకు ఎలుకలు రావా?” అని హనుమండ్లు నవ్వాడు. నవ్వితే చెయ్యి కలుక్కుమంది. “అబ్బా! జర నవ్వియ్యకు. ఇగో, నేను చెప్పేది ఇను. కరీంనగర్ల మా బిడ్డ నర్మద ఉండే గల్లీల పద్మలత మేడం అని ఉన్నది. హిప్నటిజం చేసి భయాలు తీసేస్తదట. మా మనుమరాలు పరీక్ష అంటే చాలు వాంతులు చేసుకునేది. ఆ మేడం కాడ నాలుగు రోజులు కండ్లు మూసుకొని కూసున్నది. ఇప్పుడు పరీక్ష రాసి అచ్చి నిమ్మళంగ సీరియల్ చూస్తది.”

“నిద్రపుచ్చి మనసుల ఉన్నదంత గుంజుతరట గద? పాస్టరు గారు ఏమంటరో.”

“పాస్టరుకు కుక్కలంటే భయం. ఆయనను గుడ తోల్కపో.”

మహిమ తల్లి గ్రేస్ మాత్రం ఆ మాట విని చాలాసేపు ఆలోచించింది. చివరికి, “పన్ను పీకేతందుకు డాక్టరు మత్తు ఇస్తే పాపం గాదు గద. ఇది గుడ గంతే అనుకుందాం” అని, రెండు చీరలు మడిచి సంచిలో పెట్టింది.

*

బుధవారం పొద్దున మహిమ సెలవు పెట్టి, బస్సులో ఆధార్ కార్డు చూపించి, ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ తీసుకుని, జన్నారం, లక్షెట్టిపేట మీదుగా కరీంనగర్‌లో దిగింది. నర్మద బస్టాండుకే వచ్చింది. ఎప్పటినుంచో ఎరిగున్న మనిషిలా సంచి లాక్కుని, ఆటోలో కూర్చోబెట్టి, ఇంటికి పోగానే వేడివేడి జొన్నరొట్టె, పచ్చిపులుసు వడ్డించింది. నర్మద ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది. మెడలో టేపు వేలాడుతూనే ఉంటుంది. ఎదురుగా కూర్చుని తండ్రి గురించి అడగడం మొదలుపెట్టింది.

“బాపు ఫోన్ల ఏం జెప్పడు చెల్లే. ‘నేనే తాడు చేతికి సుట్టుకున్న’ అంటడు. ముప్పై ఏండ్ల సంది తాళ్లు పట్టిన మనిషికి గంత తెల్వదా? పక్కన ఇంకెవడో ఉండే ఉంటడు. ఇడ్సిపెట్టి ఉరికి ఉంటడు. వాడెవడో జర చెప్పు నాకు. అచ్చి అడుగుత.”

మహిమ నోట్లో రొట్టె ముక్క అలాగే ఉండిపోయింది.

“నీళ్లు తాగు చెల్లే, గొంతుల పడ్డట్టున్నది” అని నర్మద ఆమె నెత్తి మీద మెల్లగా తట్టింది.

పద్మలత గది ఒక జిరాక్స్ షాపు పైన ఉంది. మహిమ అనుకున్నట్టు చీకటి గానీ, గోడమీద తిరిగే చక్రం గానీ ఏమీ లేవు. ఒక టేబులు, ఒక నీళ్ల సీసా, మంగలి షాపులోలా వెనక్కి వాలే కుర్చీ ఒకటి. యాభై దాటిన మనిషి పద్మలత. కళ్లద్దాలకు గొలుసు ఉంది. మహిమ చెప్పిందంతా ఒక నోటుబుక్కులో రాసుకుంది. తాడు వదిలేసిన సంగతి మాత్రం మహిమ చెప్పలేదు.

“నన్ను నిద్రపుచ్చుతరా మేడం?”

“నిద్రపోతే మీరే నష్టపోతరు. వింటనే ఉంటరు. లేచి పోవాలె అనిపిస్తే లేచి పోవచ్చు.”

“నా మనసుల ఉన్నదంత చెప్పేస్తనా?”

“మీరు చెప్పాలనుకున్నదే చెప్తరు. తాళంచెవి మీ దగ్గరనే ఉంటది.”

మహిమ కుర్చీలో వాలి కళ్లు మూసుకుంది. పద్మలత గొంతు మారింది. ఎక్కడా ఎత్తుపల్లం లేకుండా, సాగదీసినట్టు, కూనిరాగానికి కొద్దిగా ఇవతల ఆగినట్టు ఉంది. పది నుంచి కిందికి లెక్కపెడుతూ, ఒక్కో అంకెకు ఒక్కో మెట్టు దిగమంది. భుజాలు వదులు చేయమంది. దవడ వదులు చేయమంది. కింద ఆటో హారన్ వినబడింది. జిరాక్స్ మిషను కాగితాలు మింగుతున్న చప్పుడు వినబడింది. ‘అన్నీ వినబడుతున్నాయి, మరి నాకు హిప్నటిజం పట్టినట్టేనా?’ అనుకుంది మహిమ.

“ఇప్పుడు మీకు ఎక్కడ హాయిగ, నిశ్చింతగ ఉంటదో ఆ జాగల ఉన్నరు. ఎక్కడ ఉన్నరు?”

“ఫ్రిజ్ కాడ” అంది మహిమ కళ్లు తెరవకుండానే.

“ఏం ఫ్రిజ్?”

“మా దవాఖానల టీకాల ఫ్రిజ్ మేడం. ఆ రూములకు ఏ జంతువు రాదు.”

పద్మలత నవ్వు ఆపుకోవడం మహిమకు వినబడింది. “సరే. ఫ్రిజ్ కాడనే కూసుందాం. చప్పుడు వినండి. గుయ్యిమంటున్నది. సల్లగ ఉన్నది.”

కళ్లు తెరిచేసరికి పావుగంట అయి ఉంటుందనుకుంది. గోడ గడియారంలో గంట దాటిపోయింది.

గురువారం ఆ ఫ్రిజ్ గదిలోకి ఒక లేగదూడను రానిచ్చారు. ముందు అది ఫోను తెర మీది బొమ్మంత చిన్నది, ధ్వని లేదు, రంగు లేదు. “రిమోట్ మీ చేతులనే ఉన్నది. కావాలంటే ఆపెయ్యండి” అంది పద్మలత. మహిమ దాన్ని నాలుగుసార్లు ఆపేసింది. ఐదోసారి ఆపలేదు. దూడ గుమ్మం దాకా వచ్చి, లోపలికి తొంగిచూసి, ఫ్రిజ్‌ను చూసి తుమ్మింది. తుమ్మమని పద్మలత చెప్పలేదు, దూడే తుమ్మింది. మహిమకు నవ్వొచ్చింది.

శుక్రవారం బర్రె వంతు. అది దూరంగా, చెట్టు కింద నిలబడి ఉంది. దగ్గరికి వచ్చింది. ఇంకా దగ్గరికి వచ్చింది. మహిమ ఊపిరి తడబడలేదు. అప్పుడామెకు బర్రె మెడకు అటువైపు ఉన్న తాడు కనబడింది. దాన్ని పట్టుకున్న చెయ్యి కనబడింది. హనుమండ్లు తల తిప్పి, ఇవతలి తాడు పట్టుకోవాల్సిన మనిషి కోసం చూస్తున్నాడు. ఆ చోట ఎవరూ లేరు.

మూసిన రెప్పల కిందినుంచి నీళ్లు చెవుల్లోకి దిగాయి. పద్మలత అంకెలు పైకి లెక్కపెట్టి ఆమెను మెల్లగా లేపింది. మహిమ జరిగినదంతా చెప్పింది. సాక్షి సంతకం సంగతి కూడా చెప్పింది.

పద్మలత నీళ్ల సీసా ఆమె చేతికిచ్చింది. “బర్రె సంగతి మనం సగం దాక చూసినం. మిగిలిన సగం బర్రెతోనే చూడాలె. ఆ సంతకానికి మాత్రం నా దగ్గర ఏం లేదమ్మా. ఇది కండ్లు తెరిచి చేసే పని.”

శనివారం పొద్దున ఆమె మహిమను కూరగాయల మార్కెట్‌కు తీసుకుపోయింది. రోజూ అక్కడ క్యాబేజీ ఆకుల కోసం వచ్చే తెల్లావు ఒకటి ఉంది. మహిమ మొదట పది అడుగుల దూరంలో నిలబడింది. తర్వాత ఐదడుగులు. అరగంట గడిచాక చేయి చాపి, ఒక్క వేలితో దాని నొసలు ముట్టుకుంది.

“వెచ్చగున్నది మేడం!” అని కేక పెట్టింది. కూరగాయలామె, ఆవు, ఇద్దరూ ఆమెను ఎగాదిగా చూశారు.

*

ఆదివారం నర్మద కూడా బయలుదేరింది, తండ్రి దగ్గర వారం రోజులు ఉండి వద్దామని. బస్సులో మహిమ మూడుసార్లు “అక్కా” అని పిలిచింది. మొదటిసారి నర్మద అల్లం మురబ్బా తీసి ఇచ్చింది. రెండోసారి కిటికీ మూసింది. మూడోసారికి మహిమ భుజం మీద వాలి నిద్రపోయింది. ఆ బరువుకు మహిమ జన్నారం అడవి దాటేదాకా కదలకుండా కూర్చుంది.

ఆ రోజు ఆగిపోయిన టీకాల కోసం సోమవారం ఏడుకల్లా జీపు చిన్నలింగుగూడ చేరింది. ఐస్ పెట్టె దించి, సిరంజీలు సర్ది, చెవి ట్యాగు నంబర్లు ఎక్కించడానికి ఫోను తెరిచి, మహిమ ఆ ఫోన్ను డాక్టరు చేతిలో పెట్టింది.

“మీరు నంబర్లు కొట్టుండ్రి సారూ. నేను తాడు పడ్త.”

భానుప్రసాద్ ఆమెను ఒకసారి, ఫోన్ను ఒకసారి చూశాడు. “నువ్వా?” అన్నాడు.

మొదటి నాలుగు ఎద్దులు సాధువులు. వాటి యజమానులే తాడు పట్టారు. మహిమ రెండో తాడు పట్టుకుంది. అరచేతులు చెమటకు తడిసి తాడు జారుతూనే ఉంది. కానీ కాళ్లు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. ఐదోది బుచ్చవ్వ బర్రె. నొసట తెల్లమచ్చ ఉందని దానికి సుక్కి అని పేరు. హనుమండ్లు చెయ్యి విరగ్గొట్టింది అదే.

బుచ్చవ్వ డెబ్బై ఏళ్ల ముసలిది. దూరం నుంచే చెయ్యి అడ్డం పెట్టింది. “అద్దు బిడ్డా, ఇది మంచిది గాదు. మనిషిని కొట్టింది. దీనికి సూది లేకున్నా మంచిదే.”

“రోగమొస్తే గూడెం మొత్తానికి అంటుతది అవ్వా. నువ్వు అటు తాడు పట్టు. నేను ఇటు పడ్త.”

సుక్కి బుస్సుమంది. తల మహిమ వైపే తిప్పింది. అచ్చం ఆ రోజులాగే. మహిమ ఫ్రిజ్ గుర్తు తెచ్చుకుందామంటే రాలేదు. లేగదూడా రాలేదు. వచ్చినవి ఒక్క అంకెలే. తనకు ధైర్యం కోసం వాటినే పైకి అనడం మొదలుపెట్టింది. తెలియకుండానే పద్మలతలా సాగదీసిన గొంతుతోనే అంది.

“పదీ... భుజాలు వదులు... తొమ్మిదీ... ఇంకో మెట్టు దిగు... ఎనిమిదీ... దవడ వదులు...”

సుక్కి చెవి ఒకటి ఆమె వైపు తిరిగింది. తర్వాత రెండోది కూడా. ఏడుకు తోక ఆడించడం ఆపింది. ఐదుకు నెమరు మొదలుపెట్టింది. మూడుకు దాని తల బరువంతా తాడు మీదుగా మహిమ చేతుల్లోకి దిగింది. అటువైపు బుచ్చవ్వ నోరు తెరుచుకుని నిలబడి ఉంది.

“సారూ, సూది” అంది మహిమ అదే గొంతుతో.

సూది పడలేదు. తిరిగి చూస్తే డాక్టర్ భానుప్రసాద్ సిరంజీ చేత్తో పట్టుకుని పెద్ద ఆవులింత తీస్తున్నాడు.

“సారూ!”

ఆయన ఉలిక్కిపడి సూది వేశాడు. సుక్కి తోలు ఒక్కసారి జలదరించింది, అంతే.

“ఏం మంత్రం ఏసినవే?” అంది బుచ్చవ్వ.

“మంత్రం గాదవ్వా, లెక్కలు.”

గూడెం అంతా ఆ మాట పాకడానికి పెద్ద సమయం పట్టలేదు. కోపిష్ఠి పశువులన్నీ మహిమ ముందు వరస కట్టాయి. ఒకతను తన దూడకు ‘జర ఇరవై నుంచి లెక్కపెట్టు, దీనికి పది సాలవు’ అన్నాడు. అందరికీ లెక్కలు పారలేదు. ఒక కోడె ఎనిమిది దగ్గరే తాడు తెంపుకుని చేనులోకి పారిపోయింది. దాని వెనక మహిమ కూడా పరుగెత్తింది. జీపు వైపు కాదు, కోడె వైపే పరుగెత్తుతున్నానని సగం చేను దాటాక గాని ఆమెకు తట్టలేదు.

*

మధ్యాహ్నం ఐస్ పెట్టె జీపులో ఎక్కిస్తున్నప్పుడు భానుప్రసాద్ హుషారుగా ఉన్నాడు. “ఇగ నీ ప్రొబేషన్ గురించి ఫికర్ జెయ్యకు మహిమా. ఇయ్యాలనే రాసిస్త.”

“రాయకుండ్రి సారూ. ముందుగాల ఆ రిపోర్టు మార్చాలె. హనుమండ్లు కాకది అజాగ్రత్త ఏం లేదు. నేను తాడు ఇడ్సిపెట్టి ఉరికిన. సాక్షి అని అబద్ధం సంతకం పెట్టిన.”

ఆయన జీపు తలుపు సగం మూసి ఆగిపోయాడు.

“మీరట్ల రాసిండ్రని మీమీద కోపం గుడ పెట్టుకున్న” అంది మహిమ. ఇది కూడా చెప్పకపోతే పూర్తవదని ఆమెకు అనిపించింది.

“నా అంతట నేను రాయలే” అన్నాడు భానుప్రసాద్ మెల్లగా. “హనుమండ్లే రాయించిండు. పిండికట్టు ఏస్తుంటె, గా నొప్పిల, ‘సారూ, పిల్ల ప్రొబేషన్ల ఉన్నది, నా తప్పే అని రాయుండ్రి’ అన్నడు. డ్యూటీల తగిలిన దెబ్బ కిందికి రాదు, లీవు కట్ అయితదని చెప్పిన. అయినా ఇనలే.” జీపు తలుపు పూర్తిగా మూసి, “అట్ల రాస్తే నా పీకల మీదికి గుడ రాదని నేను ఊకున్న” అన్నాడు.

మహిమ ఐస్ పెట్టె మీద చేతులు పెట్టి నిలబడింది. చల్లదనం మోచేతుల దాకా ఎక్కింది.

“ఇప్పుడు మారిస్తే నీకు మెమో అస్తది. నన్ను గుడ అడుగుతరు.”

“అడగనియ్యుండ్రి సారూ.”

భానుప్రసాద్ ఫైల్లోంచి కొత్త ఫారం ఒకటి తీసి ఇచ్చాడు. “నీ చేత్తో నువ్వే రాయి. ఆయన సంతకం తీసుకొని రా. నాది నేను పెడ్త.”

*

నర్మద వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. హనుమండ్లు మంచం మీద కూర్చుని ఉన్నాడు. సుక్కి సంగతి, డాక్టరు ఆవులింత సంగతి అప్పటికే ఎవరో ఫోనులో చెప్పేశారు. మహిమను చూడగానే, “అచ్చింది లెక్కల పంతులమ్మ!” అని అరిచాడు.

మహిమ నవ్వలేదు. మంచం కోడు పక్కన నేల మీద కూర్చుని, ఫారం ఒళ్లో పెట్టుకుంది. రాసింది గట్టిగా చదివింది.

“ప్రమాదానికి కారణం. రెండో తాడు పట్టుకోవలసిన అటెండర్ మహిమ భయపడి తాడు వదిలి పారిపోయింది. బర్రె బరువంతా హనుమండ్లు మీద పడింది. అతని అజాగ్రత్త ఏమీ లేదు.”

చింతపండు గింజ పళ్లెంలో పడే చప్పుడు ఆగిపోయింది.

“చింపెయ్” అన్నాడు హనుమండ్లు. “నాకింక ఏడు నెలల నౌకరి. నాకేంది? నీకు ముప్పై ఏండ్లది ఉన్నది.”

“ముప్పై ఏండ్లు ఇది మోసుకుంట తిరగమంటవా కాకా?”

హనుమండ్లు కూతురి వైపు చూశాడు. నర్మద లేచి నిలబడి ఉంది. ముఖం ఎర్రబడింది.

“నువ్వేనా?” అంది.

“నేనే అక్కా. మీ ఇంట్ల నాలుగు రోజులు తిన్న. చెప్పలేకపోయిన.”

“బాపూ, నువ్వు గుడ నాతోని అబద్ధమాడినవ్ గద!” అని నర్మద తండ్రి వైపు తిరిగి, చింతపండు పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. వంటింట్లో గిన్నెలు పెద్దగా చప్పుడు చేశాయి. మూత ఒకటి కిందపడి గుండ్రంగా తిరిగి తిరిగి ఆగింది. హనుమండ్లు, మహిమ ఇద్దరూ తప్పుచేసిన పిల్లల్లా ఆ చప్పుళ్లు వింటూ కూర్చున్నారు.

కాసేపటికి హనుమండ్లు గొంతు తగ్గించి, “ఇంకేం రాయాలె అండ్ల?” అని అడిగాడు.

“ఇంకోటి ఉన్నది. ‘మళ్లీ ఇట్లా జరగకుండా తీసుకునే జాగ్రత్త.’”

“జాగ్రత్తగ ఉంటమని రాయి.”

“జాగ్రత్త ఏందని అడిగితే జాగ్రత్తగ ఉంటమని రాస్తరా కాకా?”

ఇద్దరూ ఆలోచించారు. పెన్ను కాగితం మీద ఆగి చుక్క పెట్టింది. వంటింట్లో చప్పుళ్లు ఆగిపోయాయి.

“ఒక్కని చేతికి ఇడ్సిపెట్టం అని రాయి” అని లోపలినుంచి నర్మద గొంతు వచ్చింది. కోపం ఇంకా పోలేదు, కానీ మాట గట్టిగా, స్పష్టంగా ఉంది. “తాడు ఎప్పుడైనా ఇద్దరం పట్టుకుంటం అని రాయి. రాసినవా?”

“రాస్తున్న అక్కా” అంది మహిమ.

అలాగే రాసింది. రాసి, కింద తన సంతకం పెట్టి, పెన్ను హనుమండ్లు ఎడమచేతికి ఇచ్చింది. అతడు నాలుక బయటపెట్టి, కళ్లు చిట్లించి, ఒక్కో అక్షరం చెక్కినట్టు సంతకం చేశాడు. ‘హ’ పైకి ఎక్కింది, ‘ను’ కిందికి జారింది, ‘డ్లు’ ఫారం అంచు దాటి మంచం పట్టె మీదికి పోయింది.

నర్మద మూడు గ్లాసుల చాయ్ తెచ్చి, తలుపు దగ్గర నిలబడి ఆ సంతకాన్ని చూసింది. బిగపట్టుకుందామనుకుంది గానీ ఆగలేదు. ముందు ఆమే నవ్వింది.